డబ్బాతో పాటు ఒక వంక

మన మిద్దె మీద నుంచి,
మే నెల, గురువారం సాయంత్రం.

అమ్మకు,

నీ బిడ్డ జీవిత ప్రభువు పేరట వందనాలు చెప్పుకుని రాసేది. ఇక్కడ నాయన, అవ్వ, నేను ముగ్గురమూ ఆయన కృప వల్ల బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావని ప్రతి శుక్రవారం ఫోనులో వింటూనే ఉన్నాం. కానీ మీ మేడం పక్కన కూర్చుని గడియారం చూస్తుండగా నువ్వు చెప్పే "బాగుండా" అనే మాటను నేను పూర్తిగా నమ్మను. నేను చెప్పేదాన్ని నువ్వూ నమ్మవద్దు. పది నిమిషాల్లో పట్టే మాటలు వేరు, పట్టని మాటలు వేరు. పట్టనివన్నీ ఈ కాగితాల మీద పెడుతున్నాను. కృపారాణి పిన్నికి సెలవు అయిపోయి ఆదివారం మళ్లీ నీ దగ్గరికి, కువైట్‌కు బయలుదేరుతోంది. రేపు మార్కెట్ నుంచి కడపకు టమాట లారీ పోతుందట. ఈ ఉత్తరం డ్రైవరు చేతికి ఇస్తే శనివారం ఉదయానికల్లా కడపలో పిన్ని ఇంట్లో ఉంటుందని నాయన అన్నాడు.

నీ ఉత్తరం పదకొండు సార్లు చదివాను. అందులో నువ్వు అడిగినవి ఒక్కటొక్కటిగా చెబుతాను.

నాయన నడుముకు బెల్టు పెట్టుకుంటున్నాడా అని అడిగావు. ఇంట్లో నుంచి పోయేటప్పుడు పెట్టుకుంటాడు. మార్కెట్‌లో తీసేసి సైకిల్ హ్యాండిల్‌కు తగిలిస్తాడు. టమాట బాక్సులు ఎత్తే హమాలీ నడుముకు పట్టీతో కనబడితే మేస్త్రి పనికి పిలవడట. నీకు చెప్పవద్దన్నాడు. చెప్పాను.

నా పరీక్షలు బాగా రాశాను. తెలుగులో మొదటి మార్కు నాదే వస్తుందని మా సారు అన్నారు. ఆయన తన నిఘంటువు నాకిచ్చి వేసవి సెలవులంతా ఉంచుకోమన్నారు. అది మన రుబ్బురోలంత బరువు ఉంటుంది. రోజుకు రెండు పేజీలు చదువుతున్నాను. మనం రోజూ నోటితో అనే మాటలు పుస్తకంలో అచ్చయి కనబడితే ఎంత సంతోషంగా ఉంటుందో నీకెలా చెప్పాలి. మొన్న "ఒరుగు" అనే మాట దొరికింది. ఎండబెట్టిన కూరగాయ ముక్క. మన అవ్వ నోటిలో ఉన్న మాట అంత పెద్ద పుస్తకంలో ఉందని చెబితే, "నేనంటే ఆళ్లు రాసుకున్న్యారేమో లే" అంది.

తల దువ్వుకుంటున్నానా అని కూడా అడిగావు. దువ్వుకుంటున్నాను.

ఇక పొడి సంగతి. నువ్వు మొదటి నుంచీ చెప్పమన్నావు. ఫోనులో తునకలు తునకలుగా విన్నదంతా ఒక వరుసలో వినాలని ఉందన్నావు. మీ మేడంకు "నా బిడ్డ చేసిన పొడి" అని చెప్పావని రాశావు. ఆ వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను.

దసరా అయిన తర్వాత పత్తికొండలో టమాట ధర పడిపోయింది. రైతులు బాక్సులు దింపకుండానే రోడ్డు పక్కన పారబోసి పోతుంటే నాయన రోజూ ఒక గోనెసంచి నింపుకుని వచ్చేవాడు. అవ్వ కోసి ఉప్పు రాసి మిద్దె మీద ఎండబెట్టింది. ఒరుగులను ఎండుమిరప, జీలకర్ర, మెంతులతో పెనం మీద వేయించి దంచింది. జొన్నరొట్టెలోకి నూనె వేసుకుని తింటే ఇంక కూర అక్కర్లేదు. కాలేజీకి పట్టుకుపోయాను. శివజ్యోతి నా డబ్బా మొత్తం తినేసి, "దీన్ని అమ్మితే ఊర్లో కూరలొండేది మానేస్తారు మే" అంది. నీకు తెలుసు గదా, ఊళ్లో మహాదేవక్క కూతురు. నాతో ఒకే బస్సులో కాలేజీకి వస్తుంది.

మా కామర్స్ మేడం అయితే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమంది, ఒక్క రోజులో వంద మంది అడుగుతారంది. నేను ఫొటో కూడా తీశాను. అవ్వ ఒప్పుకోలేదు.

"కొత్త కోడెను మొదటి దినమే బండికి కడతారా మే? ముందు ఊర్లో ఒగ సుట్టు తిప్పాల. మనుషులు దాన్ని సూడాల, అది మనుషుల్ని సూడాల. పది ఇండ్లకు ఇయ్యి. ఆ పది ఇండ్లు మళ్లా అడిగినంక పదకొండో ఇంటికి పో."

అదే పద్ధతి పెట్టుకున్నాం. పది స్టీలు డబ్బాలు, పది ఇళ్లు. ఇంటికి ఒక్క డబ్బానే. అది ఖాళీ అయి తిరిగి వస్తేనే రెండోది. మన దగ్గర గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు గదా, కాసిని శనక్కాయలో, బెల్లం ముక్కో వేసి ఇస్తారు. నేను ఒక షరతు కలిపాను. డబ్బాతో పాటు పొడికి ఒక వంక కూడా చెప్పి పంపాలి. వంక చెప్పని ఇంటికి రెండో డబ్బా లేదు.

మనుషులకు వంకలు పెట్టడం ఎంత ఇష్టమో అప్పుడు తెలిసిందమ్మా. అంగడి సుబ్బలక్ష్మమ్మ మొదటి వారమే, "సముద్రమంతా మీ డబ్బాలోనే ఉండాదా, ఏం ఉప్పు మే అది?" అని చెప్పి పంపింది. ఉప్పు తగ్గించాం. తర్వాత వారం "పిప్పి పంటికి తగులుతాంది" అంది. రెండుసార్లు జల్లించాం. టైలరు హనుమేష్ తన పిల్లలకు కారం ఎక్కువైందన్నాడు, పిల్లల డబ్బా వేరే చేశాం. రిటైరైన కండక్టరు సోమన్న మామ డబ్బాలో చీటీ పెట్టి పంపాడు. "పొడి బాగుండాది. కలుపుకునే అన్నమే బాగలేదు. దీనికి మీరేమైనా చేయగలరా?" అని రాశాడు. ఆ చీటీ ముందు వాళ్ల భార్య చదివిందట. రెండు రోజులు మామకు పొడి తప్ప ఏమీ దొరకలేదని శివజ్యోతి చెప్పి నవ్వింది.

ప్రతి వంకనూ నేను నోటుబుక్కులో రాసుకుని, దాన్ని సరిచేసి, ఫలానా వారి మాట ప్రకారం మార్చామని అన్ని ఇళ్లకూ చెప్పేదాన్ని. క్రిస్మస్ నాటికి అది మేం చేసే పొడి కాదు, వాళ్లు చేయించుకున్న పొడి అయింది. సుబ్బలక్ష్మమ్మ అంగడికి వచ్చిన వాళ్లతో, "ఆ జల్లించే తెలివి నాది" అని చెప్పుకునేది. కొత్త ఇల్లు చేరాలంటే పాత ఇల్లు ఒకటి వాళ్ల పేరు చెప్పాలన్నాను. దాంతో మొదటి పది ఇళ్ల వాళ్లకు మర్యాద పెరిగింది. పెద్ద ఈరన్న తాత తన వియ్యంకులకు డబ్బా ఇప్పించి, కట్నం ఇప్పించినంత గొప్పగా చెప్పుకున్నాడు. సంక్రాంతికి ఇరవై ఇళ్లు. మట్టల ఆదివారం నాటికి నలభై రెండు.

అరవై ఇళ్లయితే నువ్వు అక్కడ ఉండాల్సిన పనిలేదని నేనే నీకు రాశాను. ఆ మాట పట్టుకునే కదా నువ్వు అడిగావు. జూన్‌లో రెండేళ్లు పూర్తవుతాయి, ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమని మేడం కాగితం చూపించింది, పెట్టాలా వద్దా అని. నీ ఉత్తరంలో అది చివరి ప్రశ్న. దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది, డబ్బా మీద ఏం పేరు రాశావని. నీకు తెలిసే వాటిని ఆ వరుసలో అడిగావా అమ్మా?

పేరు రాయలేదు. నా నోటుబుక్కులో ముప్పై ఏడు పేర్లు ఉన్నాయి. ఒక్కటీ డబ్బా ఎక్కలేదు. ఇంకా తేల్చుకోలేదని నీకు రెండుసార్లు చెప్పాను. అది నిజం కాదు.

మొదటి రోజు శివజ్యోతీ నేనూ కలిసి సుబ్బలక్ష్మమ్మ అంగడికి పోయాం. ఆమె మూత తీసి, వాసన చూసి, నా వైపు చూడకుండా శివజ్యోతిని అడిగింది. "ఏం మే, మీయమ్మ చేసిండాదా?"

శివజ్యోతి నా ముఖం చూసింది. నేను నేల చూశాను. అది "ఊ" అంది.

అంతే. అంతకంటే ఎవరూ ఏమీ చెప్పలేదు. మన పేటలో పండించింది, ఎండబెట్టింది ఊరు తింటుంది. పేటలో పొయ్యి మీద పెట్టింది తినదు. ఇది నీకు రాయాల్సిన పని లేదు. కోసి ఎండబెట్టేది జీవిత వాళ్లు, వేయించి దంచేది మహాదేవక్క అని ఊరు అనుకుంది. నేను అనుకోనిచ్చాను. అందుకే డబ్బా మీద పేరు రాయలేదు. మహాదేవక్కకు తెలుసు. "నా నోటికి తెలిసింది సాలు, ఊరి నోటికి యాలమ్మా" అని ఊరుకుంది. పది ఇళ్లు రుచి మరిగిన తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత ఇరవై అన్నాను. అవ్వకు మాత్రం ఇదేమీ తెలియదు. ఆమె పొద్దున్నే లేచి ప్రార్థన చేసి, చేతులు కడుక్కుని, తన పొయ్యి మీద తన పెనం పెట్టి వేయించింది. ఏ ఇల్లు ఏం వంక చెప్పిందో నాతో చదివించుకుని నవ్వుకునేది. ఊరు మారిపోయిందని అనుకుంది.

ఈస్టర్ ఆరాధనలో పాస్టరు అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండని పిలిచారు. అవ్వ లేచింది. రెండేళ్లుగా ఆమె సాక్ష్యానికి లేవలేదు. నడిచి ముందుకు పోయి మైకు చేతిలోకి తీసుకుంది. నువ్వు పంపిన మొదటి కానుకతో గుడి మీద కొత్త మైకు పెట్టించారని చెప్పాను గదా. దాని నోరు ఊరి వైపు ఉంటుంది.

"దేవుని బిడ్డలారా, నా కోడలు దేశం గాని దేశంలో పరాయి గిన్నెలు తోముతాండాది. ఈడ నా మనవరాలు పొడి చేస్తాండాది. నా పొయ్యి మీద నేనే వేయించినా. నా చేత్తోనే ఉప్పేసినా. నేను కోడలిగా వచ్చినప్పుడు ఊర్లోకి పోయి దూపైతాందంటే పైనుంచి దోసిట్లో నీళ్లు పోసిరి. ఇయ్యాల నా చేతి ఉప్పు నలభై రెండు ఇండ్లలో తింటాండారు. ఆయన చేసిన మేలు నేను దాచుకోలేను."

తర్వాత ఇళ్ల పేర్లు చెప్పింది అమ్మా. చదువు లేని మనిషి, నలభై రెండూ గుర్తు పెట్టుకుంది. అంగడి సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో, టైలరు హనుమేష్ ఇంట్లో, పెద్ద ఈరన్న ఇంట్లో, అని ఒక్కొక్క పేరు చెబుతుంటే గుడిలో అందరూ స్తోత్రం అంటున్నారు. మొదటి మూడు పేర్లకు నేను కూడా స్తోత్రం అన్నాను. నాలుగో పేరు దగ్గర మైకు గుర్తొచ్చింది. లేచి పోయి ఆమె చేతిలో నుంచి మైకు తీసుకోవచ్చు. తీసుకోలేదు. ఆమె ముఖం అట్లా వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి వచ్చే దారిలో నాయనతో చెప్పాను, ఇప్పుడేమవుతుందోనని. నడుస్తూనే నాయన, "అబద్దమేం చెప్పలేదు గదా మీ అవ్వ" అన్నాడు.

సోమవారం నుంచి డబ్బాలు రావడం మొదలైంది. శివజ్యోతి సంచిలో వేసుకుని తెచ్చింది. కొన్ని సగం పొడితోనే వచ్చాయి. కొన్ని తోమి, ఎండలో ఆరబెట్టి, శుభ్రంగా వచ్చాయి. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. ఒకరికి పులుపు పడటం లేదట. ఒకరి ఇంట్లో దీక్ష ఉందట. పెద్ద ఈరన్న తాతకు డాక్టరు ఉప్పు మానమన్నాడట. నేను నోటుబుక్కు పట్టుకుని ప్రతి డబ్బాకూ వంక అడిగాను.

"ఏ వంకా లేదంట" అంది శివజ్యోతి. ప్రతి ఇంటికీ అదే మాట చెప్పి, చివరికి ఏడ్చింది.

గట్టిగా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు జవాబు చెప్పవచ్చు. మర్యాదగా తోమి పంపిన డబ్బాకు ఏం జవాబు చెబుతాం? గురువారానికి ముప్పై ఏడు వచ్చాయి. అయిదు రాలేదు. సోమన్న మామ ఎదురుపడి, "మా ఇంట్లో అన్నం మారలేదు, పొడి యాల మారాల?" అన్నాడు. ఆ అయిదు ఇళ్లకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. కానీ అయిదు ఇళ్లతో నువ్వు ఇంటికి రాలేవు.

మహాదేవక్క దగ్గరికి క్షమాపణ అడగడానికి పోయాను. వాకిట్లోనే నిలబడ్డాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "నీళ్ల ట్యాంకు కాడ నాతో ఎవురూ మాట్లాడతల్లేరు మే. చేసిన మీకు ఒగ శిక్ష, నోరు మూసుకున్న నాకు ఒగ శిక్ష. మీ అవ్వకు నేనేం ద్రోహం చేసినానని మైకు పట్టుకునె?" అంది. కాసేపటికి, "ఎండలో నిలబడాకు, అరుగు మీద కూర్చో" అంది. కూర్చోవాలో వద్దో తెలియక అట్లాగే నిలబడి వచ్చేశాను.

మీ మేడం కాగితం చూపించిందని నీ ఉత్తరం వచ్చింది ఆ వారమే. అందులో నీ మోకాళ్ల సంగతి కూడా ఉంది. మెట్లు కడిగేటప్పుడు ఒక మెట్టు మీద కూర్చుని ఇంకో మెట్టు కడుగుతున్నానని రాశావు. నవ్వించడానికే రాశావేమో. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు చెప్పేదాని కోసమే ఇంత దూరం రాశాను. ముందే చెబితే నువ్వు మిగతాది చదవవని భయం.

తర్వాత వారం సబ్బు కోసం సుబ్బలక్ష్మమ్మ అంగడికి పోయాను. మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేరు. సబ్బు ఇచ్చింది గానీ నన్ను పోనివ్వలేదు. తక్కెడ తుడుస్తూ అడిగింది.

"మీ అవ్వకు వయసెంత మే?"

"డెబ్బై ఎనిమిదమ్మా."

"మా అత్తకు ఎనభై. పోయినేడు నుంచి మతి నిలబడతల్లేదు. సచ్చిపోయిన మా మామకు రోజూ కాఫీ పెట్టమంటాది. ముసిలోళ్లు గదా, జరిగింది జరగంది కలిపేస్తారు. మీ అవ్వ గూడా అట్లనే ఏదో చెప్పినట్లుండాది మైకులో."

నాకు అర్థమైంది. ఆమె చెడ్డది కాదమ్మా. నాకు ఒక తలుపు తీసి పట్టుకుంది. ఆమె ఇంట్లో అత్త, దేవుడి గది, పక్కింటి నోళ్లు, అన్నీ ఉన్నాయి. ఆమెకు పొడి కావాలి. నేనొక్క మాట అంటే ఆమె దాన్ని పట్టుకుని ఊరందరికీ చెప్పగలదు. నిఘంటువులో రోజుకు రెండు పేజీలు చదివేదాన్ని, ఆ పూట నాకు ఒకే ఒక్క మాట తోచింది.

"అవునమ్మా" అన్నాను.

"పొయ్యి?"

"మహాదేవక్క పొయ్యేనమ్మా. అవ్వకు మతి సరిగా లేదు."

ఆమె తక్కెడ పక్కన పెట్టింది. "నేను అప్పుడే అనుకుంటి. సరే, డబ్బా పంపు. ఈసారి మెంతులు తగ్గియ్యి, చేదు కొడతాంది" అంది.

ఆ వంక వినగానే నాకు సంతోషం కలిగింది. నిజం రాస్తున్నాను. అవ్వను అట్లా అన్న నోరు ఆరకముందే, మెంతులు తగ్గించాలని లెక్క వేసుకుంటూ ఇంటికి నడిచాను. సగం దారిలో సబ్బు అంగడిలోనే మర్చిపోయానని తెలిసింది. వెనక్కి పోలేకపోయాను.

పది రోజుల్లో ముప్పై ఒక్క డబ్బాలు మళ్లీ ఊళ్లోకి పోయాయి. పోయిన వారం రెండు కొత్త ఇళ్లు చేరాయి. మహాదేవక్కతో నీళ్ల ట్యాంకు దగ్గర మళ్లీ మాట్లాడుతున్నారు. వర్షాలు పడేలోగా అరవై అవుతాయి. ఒక్కటే మారింది. ఊళ్లో అవ్వ కనబడితే ఆగి మాట్లాడుతున్నారు. ఇంతకు ముందు అట్లా ఆగేవాళ్లు కాదు. గట్టిగా, నెమ్మదిగా, పసిపిల్లలతో మాట్లాడినట్లు. "అవ్వా, అన్నం తింటివా? ఏం తింటివి? మీ కొడుకు పేరేంది?" అవ్వ మొదట్లో తెల్లబోయి చూసేది. లేవి అని చెప్పేది, జొన్నరొట్టె అని చెప్పేది. వాళ్లు నవ్వి, "ఈ దినం బాగుండాది ముసలామె" అనుకుంటూ పోయేవాళ్లు. ఇంటికి వచ్చి, "ఊర్లో అందరికీ నా మీద శానా ప్రేమ వచ్చిండాదే" అని నాతో అంది. నేను ఒరుగులు తిరగేస్తూ కూర్చున్నాను.

అంగట్లో నేనన్న మాట ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. పేటలో మాట దాగదు. అటు పోయిన ఆదివారం అయ్యగారు సాక్ష్యాలు అడిగినప్పుడు, మళ్లీ లేస్తుందేమోనని ఆమె వైపు చూశాను. అవ్వ లేవలేదు. పాటల పుస్తకం తెరిచి అందులో వేలు పెట్టుకుని తల దించుకుని కూర్చుంది. ఆమెకు అక్షరాలు రావు గదా.

పోయిన శుక్రవారం ఇద్దరం అంగడికి పోయాం. నలుగురైదుగురు ఉన్నారు. సుబ్బలక్ష్మమ్మ అందరూ వినేటట్లు, "ఏమవ్వా, ఈ దినం ఏ వారం?" అంది. అవ్వ గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్ని. చీర కొంగు సర్దుకుని అంది:

"ఆదివారం గదమ్మా. గుడికి పోవాల, బిరీన సబ్బు ఇయ్యి."

అందరూ నవ్వారు. సుబ్బలక్ష్మమ్మ నా వైపు చూసి, చూశావా అన్నట్లు తల ఊపింది. ఆ సాయంత్రం నాయన బయట కూర్చుని ఉంటే, "ఈ పొద్దు శుక్రవారం రా లేవీ, కోడలు ఫోను చేసే పొద్దాయ, లోపలికి రా" అని పిలిచింది అవ్వే. నీతో ఎంత చక్కగా మాట్లాడిందో నువ్వు విన్నావు.

ఇదీ జరిగింది. నువ్వు వస్తే నిన్నూ అడుగుతారమ్మా, మీ అత్తకు ఎప్పటి నుంచి ఇట్లా అయిందని. నువ్వు కూడా అవునని తల ఊపాలి. ఊపకపోతే డబ్బాలు మళ్లీ తిరిగి వస్తాయి. ఆ పని నీకు చేతకాదని నాకు తెలుసు. నువ్వు రాకపోతే ఇంకో రెండేళ్లు ఆ మెట్ల మీద ఉంటావు. నిజం చెప్పేస్తానని మూడుసార్లు ఊళ్లోకి బయలుదేరాను. ప్రతిసారీ నీ మోకాళ్లు గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. సంతకం పెట్టమని రాయలేను, వద్దని రాయలేను. ఇన్ని మాటలు నేర్చుకుని ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోలేకపోతున్నాను.

ఇక్కడిదాకా రాసి పెన్ను పట్టుకుని కూర్చుంటే అవ్వ మిద్దె మీదికి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా నా పక్కన కూర్చుంది.

"అంతా రాసినావా?" అంది.

"రాశాను అవ్వా."

"నేను ఆదివారం అన్నది గూడా?"

"రాశాను."

"నువ్వు అంగట్లో అన్నది?"

తల ఊపాను. ఆమె కాసేపు చాపల మీద ఒరుగుల్ని చూసింది. ఒకటి తీసుకుని విరిచి చూసి మళ్లీ పెట్టింది.

"సంతకం సంగతి ఏమని రాస్తివి?"

"ఏం రాయాలో తెలియడం లేదవ్వా."

"సంతకం చెయ్యొద్దని రాయి. వచ్చెయ్యమని రాయి." నేను రాయకుండా చూస్తూ ఉంటే నా చేతిని కాగితం మీదికి జరిపింది. "అత్త చెప్తాండాదని రాయి. మతి ఉండే చెప్తాండాదని గూడా రాయి, లేకుంటే అది నమ్మదు."

ఆమె చెప్పినట్లే రాశానమ్మా.

ఇట్లు,
నీకు చెప్పకుండా ఏదీ ఉంచుకోలేని నీ బిడ్డ,
జీవిత